చెరువుగట్టున తోట: పురజనుల పద్దు

(విశాఖపట్టణమున నొక పఠనమందిరపు సభలో, న్యాయవాదియు ప్రజోద్యమ కార్యకర్తయు నగు మిత్రులొకరు చేసిన యుపన్యాసము)



నేడు నాకు నియమింపబడిన విషయము చూచుటకు చిన్నది. పట్టణములో నొక చెరువు, దాని గట్టున ప్రజలకొక తోట, ఆ తోటకగు వ్యయము. ఉక్కు, ఓడరేవు, రాష్ట్రము, స్వరాజ్యము మున్నగు మహావిషయములను గూర్చి వినుట కలవాటుపడిన మీకిది తోటమాలి మాటవలె దోపవచ్చును. కాని స్వరాజ్యవృక్షమునకు తల్లివేరు పురపాలకసభయందే యున్నదని మన పూర్వనాయకు లెఱిగియుండిరి. సర్దారు వల్లభభాయి పటేలు 1924 మొదలు 1928 వరకు అహమ్మదాబాదు పురపాలక సంఘమున కధ్యక్షులు. జవహర్‌లాలు నెహ్రూ 1923లో అలహాబాదు పురపాలక సంఘమున కధ్యక్షులైరి. మన టంగుటూరి ప్రకాశము పంతులుగారు దేశోద్యమమున ప్రవేశింపకపూర్వమే రాజమహేంద్రవరమున నా పదవి నిర్వహించిరి. వారందఱు మురుగుకాలువల పద్దులు చదివినవారే. రాజ్యముల పద్దులు తరువాత చదివిరి. ఊరి చెరువును కాపాడుకొనజాలని జనము దేశమును కాపాడెదమనుట వట్టిమాట. కావున నీ చిన్న విషయమునే కొంచెము సావకాశముగా విచారింతము.

పట్టణము పెరిగిన తీరు

1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో విశాఖపట్టణమున నున్నవారు సుమారు 40 వేలు. 1933లో ఓడరేవు తెఱవబడెను. 1941లో నౌకానిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948లో అచ్చటనుండి ‘జలఉష’ యను నోడ నీటిలోనికి దిగెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చెను. 1966లో ఉక్కుకై యాంధ్రులందఱు నొక్క గొంతుతో లేచిరి. 1971లో దానికి శంకుస్థాపన జరిగెను. 1992లో నది జాతి కంకితమయ్యెను. 1979లో పురపాలక సంఘము నగరపాలక సంస్థ యయ్యెను. 2005లో గాజువాక మొదలగు చుట్టుప్రక్కల యూళ్లను గలుపుకొని మహావిశాఖ యయ్యెను. 2011 లెక్కలలో నగర జనసంఖ్య 17 లక్షలు మించెను. అనగా 110 సంవత్సరములలో జనము నలుబది రెట్లు దాటి పెరిగెను. కాని యొకవైపు కొండ, నొకవైపు సముద్రము. కొండకును కడలికిని నడుమనున్న నేల మాత్ర మొక్క యడుగైనను పెరుగలేదు.

ఇక నొక చిన్న లెక్క. పట్టణములలో మనిషి యొక్కనికి 10 మొదలు 12 చదరపు మీటర్ల బహిరంగస్థల ముండవలెనని కేంద్ర ప్రభుత్వమువారు 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళికా సూచనలు చెప్పుచున్నవి. పదియే యనుకొన్నను 17 లక్షల జనమునకు 1,700 హెక్టార్లు, అనగా సుమారు 4,200 ఎకరములు గావలెను. కంబాలకొండ యడవి లేదా, జంతుప్రదర్శనశాల లేదా, సముద్రతీరము లేదా యని మీరడుగవచ్చును. ఉన్నవి, అవి మన భాగ్యము. కాని యడవి మృగముల సొత్తు, ప్రజలు విహరించు తోట కాదు. సముద్రతీరమునకు గాజువాకనుండి ఒక కూలియాలు బిడ్డలనెత్తుకొని సాయంకాలము పోయి రావలెనన్న, బండి ఖర్చెంత, పోవు కాలమెంత? తోట యనునది కాలినడకను చేరదగినంత దూరమున నున్నప్పుడే తోట. పేటపేటకు నొక్కటి కావలెను. ఇండ్లు క్రిక్కిఱిసిన పేటలలో పెద్ద బయలు మిగిలియున్నది చెరువుల చెంతనే, గెడ్డల చెంతనే. అందుచేతనే యీ ప్రశ్న నేడు వచ్చినది.

లోవ, గెడ్డ

మన యుత్తరాంధ్రపు ఊళ్ల పేర్లను వినుడు. ముడసర్లోవ, అరిలోవ. లోవ యనగా కొండల నడిమి పల్లము. మేఘాద్రిగెడ్డ, గంగులగెడ్డ, ఎఱ్ఱిగెడ్డ. గెడ్డ యనగా కొండనీరు పాఱు వాగు. మన పెద్దలు నీటి దారిని పటములలో గీయలేదు. ఊళ్ల పేర్లలో వ్రాసి పోయిరి. ఆ పేర్లను చదువజాలని వాడే పల్లమున మేడ కట్టి, వాన వచ్చినప్పుడు ప్రభుత్వమును తిట్టును.

ముడసర్లోవ జలాశయము ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో నీ పట్టణమునకు త్రాగునీరిచ్చుటకై కట్టబడినది. ఊరు చిన్నదైన కాలమున నది గొప్ప యాధారము. తరువాత తాటిపూడి వచ్చెను, మేఘాద్రిగెడ్డ వచ్చెను, రైవాడ వచ్చెను. ఏలేరు కాలువ మీదుగా గోదావరి నీళ్లును వచ్చెను. నేటి మహానగరపు దాహమునకు ముడసర్లోవ నీరు గ్రుక్కెడు. 2018లో దాని నీటిమీద 2 మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్పలకలను పఱచిరి; చెరువు వెలుతురునుగూడ నీయగలదని తెలిసెను. ప్రక్కనే నగరపాలక సంస్థవారి తోట కలదు, గోల్ఫు మైదానము కలదు, కొండల పచ్చదనము కలదు.

ఆపద యిచ్చటనే యున్నది. త్రాగునీటికై పూర్తిగా నాధారపడినంతకాలము చెరువును ముట్టుటకు జనులు భయపడుదురు. ఆ యవసరము తగ్గినకొలది దానిని ఖాళీ స్థలముగా చూచుట కలవాటుపడుదురు. ఒకనికి హోటలు, ఒకనికి కచ్చేరి భవనము, ఒకనికి వినోదశాల తోచును. ఎవరును చెరువును పూడ్తుమనరు. చెరువును అందగింతుమనియే యందురు. అందగించుట యనగా నేమో, దానికయ్యెడి డబ్బు దేనిపైని పడునో ముందుగా తెలిసికొనని పట్టణము మోసపోవును.

రెండు నగరముల పాఠములు

మొదటిది చెన్నపట్టణము. నుంగంబాకము నుండి సైదాపేట వైపునకు వ్యాపించిన ‘లాంగ్ ట్యాంక్’ అను దీర్ఘతటాకము నచ్చట నుండెడిది. 1923 మొదలు దానిని ఎండగట్టి త్యాగరాయనగరము నిర్మించిరి. అప్పుడు చెన్నరాజధాని ప్రథమమంత్రి మన తెలుగు ప్రభువు పానగల్లు రాజా రామరాయణింగారు. ఆ పేట నడుమ వారి పేర పానగల్ పార్కు నేటికిని పచ్చగా నున్నది. ఇల్లు చాలని వారికి ఇండ్లిచ్చిరి, తోటయు వేసిరి. ఆ కాలపు బుద్ధి కది మంచిపనియే. కాని చెరువు మాత్రము పోయెను. 2015లో చెన్నపట్టణము నీట మునిగినప్పుడు, వాననీరు నిలువవలసిన తావులనన్నిటిని ఇండ్లతో నింపిన ఫల మెట్టిదో దేశమంతయు చూచెను. తోట మిగిలినంత మాత్రమున చెరువు మిగిలినట్లు గాదు.

రెండవది భాగ్యనగరము. హుస్సేన్‌సాగరము కుతుబ్‌షాహీల కాలమున 1562లో కట్టబడినది. 1992లో నడుమ బుద్ధవిగ్రహము నెలకొనెను. 1994లో గట్టున లుంబినీ వనము తెఱవబడెను. రాత్రివేళ దీపాలంకారములు జగజ్జేగీయమానములయ్యెను. అయితే కూకటుపల్లి నాలా మురుగును కర్మాగారముల కల్మషమును మోసికొని చెరువులో కలియుచునే యుండెను. గట్టున గులాబీలు, నీట దుర్గంధము. తుదకు 2006లో జపాను దేశపు ఋణము తెచ్చి, చెరువును దానికి నీరు వచ్చు తావులను బాగుచేయు పనికి పూనుకొనవలసి వచ్చెను. మొదట చేయవలసినది పదునైదేండ్లు కడపట చేయబడినది, అదియు నప్పుతో.

ఈ రెండు పాఠముల సారమొక్కటియే: ముందు నీరు, తరువాత తోట. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డిసు పండితుడు 1915 ప్రాంతమున చెన్నరాజధానిలోని పట్టణములను దర్శించి, దోమల భయమున చెరువులను పూడ్చుట తగదనియు, వానిని శుభ్రపఱచి చేపలను పెంచి కాపాడుకొనుటయే మార్గమనియు హితవు చెప్పెను. నూఱేండ్లు దాటినను ఆ మాటకు కాలదోషము పట్టలేదు.

ధర్మశాసనము

నేను న్యాయస్థానములలో పొట్టపోసికొనువాడను గనుక చట్టమును గూర్చి రెండు మాటలు చెప్పనిండు. మన రాజ్యాంగపు 51-ఎ యధికరణము అడవులు, చెరువులు, నదులు, వన్యప్రాణులను రక్షించుట ప్రతి పౌరునికి విధియని చెప్పుచున్నది. 1992 నాటి 74వ సవరణచే చేర్చబడిన పండ్రెండవ షెడ్యూలులో ఉద్యానములు, ఆటస్థలములు పురపాలక సంస్థల బాధ్యతలయందు చేర్చబడినవి. కనుక తోటనిచ్చుట పురపాలకుల దయ కాదు, వారి పని.

బెంగుళూరులో తోటకై కేటాయించిన స్థలమున నొక ప్రైవేటు వైద్యాలయమును కట్టనీయగా, అది చెల్లదని 1991లో సుప్రీముకోర్టు త్రోసివైచెను. ఉద్యానము ప్రజల యారోగ్యమునకే గదా యుద్దేశింపబడినది! ఇక మన తిరుపతి వ్యాజ్యము. పేరూరు, అవిలాల చెరువుల భూములను ఇండ్లనిర్మాణమునకై ప్రభుత్వ సంస్థలకే యిచ్చినప్పుడు, ఆ యూరి మేధావుల వేదిక హైకోర్టున నోడిపోయినను విడువక సుప్రీముకోర్టునకు పోయెను. 2006లో వచ్చిన తీర్పులో, ఇట్టి ప్రకృతి సంపదలకు ప్రభుత్వము ధర్మకర్తయే గాని యజమాని గాదని న్యాయస్థానము చెప్పెను. ధర్మకర్త గుడిమాన్యమును తన యిష్టము వచ్చినట్లు అమ్ముకొనరాదు గదా! చెరువు విషయమును నంతియే.

భవననిర్మాణ నియమముల ప్రకారము 10 హెక్టార్లకు మించిన చెరువు హద్దునుండి 30 మీటర్ల వరకు కట్టడములు కూడవు. ఆ మేర పచ్చని పట్టిగా నుండవలెను. సోదరులారా, ఆ 30 మీటర్ల పట్టియే మన తోట! నేలను కొనుటకు పైకము చెల్లించవలసిన పనిలేదు. కావలసినది హద్దురాళ్లను పాతించుట, పాతిన రాళ్లను ఎవరును పెకలింపకుండ చూచుట.

నూఱురూపాయల పద్దు

ఇక పద్దు. నేను చెప్పబోవునది యే కార్యాలయపు లెక్కయు గాదు. నాకు తోచిన పాళ్లు మాత్రమే. మన కొక చెరువుగట్టున తోట వేయుటకు నూఱురూపాయలున్నవనుకొందము.

మొదటి పదిరూపాయలు కొలతకును హద్దురాళ్లకును. చెరువు నిండినప్పుడు నీరెంతవఱకు వచ్చునో ఆ నిండుమట్టము గుర్తింపక వేసిన తోట, మంచి వాన కురిసిన యేట నీట నుండును. తరువాతి నలుబది నీటికే: చెరువులోనికి వచ్చు మురుగును ప్రక్కకు త్రిప్పుటకు, గెడ్డలోని చెత్తయు పూడికయు తీయుటకు, గట్టును బలపఱచుటకు, తూమును కలుజును బాగుచేయుటకు. ఈ నలుబది కంటి కగపడదు. దీనికి శిలాఫలకము లేదు, రిబ్బను కత్తిరింపు లేదు. అందుచేతనే మన పద్దులలో మొదట కోతపడునది యిదియే.

పదునైదు చెట్లకు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో మన నగరపు పచ్చదన మొక్కపూటలో నేలకొరిగినది మీ రెఱుగుదురు. నేలపై నందమునకు పఱచు పచ్చికకు నీరును కూలియు నెక్కువ, నీడ సున్న. వేప, కానుగ, నేరేడు, మఱ్ఱి, రావి, పొన్న, తాటి మన నేల నెఱిగిన చెట్లు. గట్టుమీద మాత్రము పెద్ద వేళ్ల చెట్లను నాటరాదు. వేళ్లు గట్టును చీల్చును.

ఇరువదియైదు మనుష్యులకు: నడచుబాట, నీడగల బల్లలు, త్రాగునీరు, దీపములు, పిల్లల యాటస్థలము, అన్నింటికంటె ముందు స్త్రీలకు వేఱుగా మరుగుదొడ్లు. మరుగుదొడ్డి లేని తోటకు స్త్రీలు రారు; స్త్రీలు రాని తోట కొద్దికాలములోనే జూదరుల పాలగును. మిగిలిన పదిరూపాయలు తుపానులకు, అనుకోని పనులకు దాచవలెను. స్వాగతతోరణమునకు, సంగీత జలయంత్రమునకు, నాయకుల ప్రతిమలకు నా నూఱులో నొక్క కాసైనను లేదు. దాతలెవరైన నిత్తురేని, తరువాత చూతము.

అసలు ప్రశ్న యిప్పుడే వచ్చును. కట్టుటకు నూఱు, నిలుపుట కేటేట నెంత? మాలి, కావలివాడు, పాకీపని చేయువాడు, దీపపు ఖర్చు, పూడికతీత గలసి నూటి కెనిమిది చొప్పున ననుకొన్నను పదియేండ్లలో నెనుబదియగును. అనగా పోషణము నిర్మాణముతో దాదాపు సమానము. ఏటేట నెనిమిది యిత్తుమని వ్రాసియీయజాలని సభ, నూఱు ఖర్చుపెట్టుటకు నర్హమైనది కాదు. మన యూళ్లలో పాడుపడిన యుద్యానములు కట్టుబడి లోపమున పాడుపడినవి కావు. ప్రారంభోత్సవము మఱునాటినుండి దిక్కులేక పాడుపడినవి.

డబ్బెక్కడిది?

కట్టుటకు డబ్బు దొరకుట యంత కష్టము గాదు. కేంద్రమువారి అమృత పథకమున (2015) 2.5 శాతము వరకు ఉద్యానముల కుద్దేశించిరి. 2021లో మొదలిడిన రెండవ యమృతమున చెరువుల పునరుద్ధరణమును చేర్చిరి. స్మార్టు నగరముల పథకమున విశాఖ 2016లో మొదటి జాబితాయందే చేరినది. ఆ పథకము 2025తో ముగిసినది. కంపెనీల చట్టము (2013) ప్రకారము లాభములుగల పెద్ద సంస్థలు సగటు లాభములో 2 శాతము లోకహితమునకు వెచ్చింపవలెను. మన గాలిని నేలను నీటిని వాడుకొను పరిశ్రమలు మన చెరువులకు ఋణపడియున్నవని నా యభిప్రాయము. అది భిక్ష కాదు, బాకీ. కాని యివి యన్నియు నొకసారి వచ్చి పోవు వాన వంటివి. ఏటేట నెనిమిదిరూపాయలకు నగరపాలక సంస్థ స్వంత పద్దే గతి.

అంతట నొక సులభోపాయము చెప్పుదురు: ‘ద్వారమున టిక్కెట్టు పెట్టుదము.’ అహమ్మదాబాదులో 1451 నాటి కాంకరియా చెరువును బాగుచేసి 2008లో ప్రవేశరుసుము పెట్టిరి. అచ్చట జనము వచ్చుచునే యున్నది, నిజమే. అయినను ఒక కూలికుటుంబమున నైదుగురనుకొనుడు. తలకు 20 రూపాయలు. వారమున కొక్కసారి పోయినను నెలకు 400. ఆ కుటుంబము పోదు. అప్పుడా తోట ఎవరిది? వాహనములు నిలుపుచోట రుసుము పెట్టుడు. రెండు మూడు ఫలహారశాలలను బహిరంగవేలమున నిచ్చి, ఆ పైకము నా తోటపద్దుకే జమకట్టుడు. కాలినడకను వచ్చువానిని మాత్ర మడ్డగింపవలదు. నడచివచ్చువాడు మొదటనే పన్ను చెల్లించియున్నాడు.

గుడిసెలవారి మాట

ఇంకొక చిక్కు కలదు; దానిని దాటవేయుట ధర్మము గాదు. చెరువుల చెంత, గెడ్డల గట్టున వేలకొలది బీదలు కాపురమున్నారు. రేవు కట్టినవారు, ఇనుము మోసినవారు, మన మేడలకు సున్నము కొట్టినవారు వారే. పట్టణము వారి శ్రమను పిలిచెను గాని వారికి జాగా చూపలేదు. ‘తోట కావలెను గనుక గుడిసెలు తీయుడు’ అను కేక మొదట లేచును. ప్రక్కనే చెరువుశిఖములో మేడకట్టిన పెద్దమనిషి జోలికి మాత్ర మెవరును పోరు. అతనికి పట్టా యున్నది, వకీలున్నాడు.

నా మనవి యిది. ఆక్రమణల తొలగింపు పెద్ద గోడతో ప్రారంభము గావలెను, గుడిసెతో గాదు. గుడిసె తీయకముందే, పనికి పోవుటకు వీలగు దూరమున ఇల్లు చేతికీయవలెను. ఆ యింటి ఖర్చు తోటపద్దులోనే వ్రాయవలెను. అట్లు వ్రాసిన తోట ఖరీదు పెరుగునందురా? పెరుగనిండు. అదియే దాని నిజమైన వెల. ఆ వెలను బీదవాని తలపై మోపి తోట చౌకయని చెప్పుట కూటలెక్క.

మన కర్తవ్యము

విశాఖ నగరమున 2012 మొదలు 2021 వరకు ఎన్నికైన పాలకసభయే లేకుండెను. తొమ్మిదేండ్లు అధికారులే పద్దు వ్రాసిరి, అధికారులే యామోదించిరి. అధికారులను నేను దూషింపను. వారిలో సమర్థులు గలరు. కాని ప్రశ్నించువాడు లేని పద్దు పద్దు గాదు, జాబితా. ఆ తొమ్మిదేండ్లలో మన పట్టణమున దీనికై ఎంత యలజడి లేచెను? ఉక్కు మనదని వీథులకెక్కిన పురము, సభ మనదని యెందు కడుగలేదు?

కావున నీ పఠనమందిరమునకు వచ్చు మీకు మూడు పనులు సూచించుచున్నాను. ఒకటి: మీ పేటలోని చెరువునకో గెడ్డకో నిండుమట్టపు పటము కలదా యని సమాచారహక్కు చట్టము (2005) క్రింద దరఖాస్తు పెట్టుడు. పది రూపాయల దరఖాస్తు పదెకరముల నేలను నిలుపవచ్చును. రెండు: నగరపాలక సంస్థ వార్షికపు పద్దును తెచ్చి యీ బల్లమీద నుంచి, నిర్మాణమున కెంత, పోషణమున కెంతయని కలసి చదువుడు. మూడు: తోట ద్వారముననే జమాఖర్చుల పలక వ్రేలాడవలెనని మీ ప్రతినిధిని కోరుడు, వోటడుగ వచ్చినవానిని తోరణము మాట కాదు, తూము మాట యడుగుడు.

కొండల నీరు లోవకు దిగుట, లోవ నీరు గెడ్డల వెంట కడలి చేరుట మన పురము పుట్టకముందునుండి జరుగుచున్నది. ఆ దారిలో మనము కొన్ని తరములపాటు కాపురముండుటకు వచ్చినవారము. దారి విడిచి కూర్చుండుట మర్యాద. ఆ విడిచిన దారియందు నాలుగు చెట్లు నాటి, నీడను సొమ్మున్నవానికిని లేనివానికిని సమముగ పంచుట ధర్మము. ఈ యేటి పద్దుసభకు ముందే పని మొదలిడుదము.

వందేమాతరమ్.